తివాచీ కత్తి

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. జైలుకి వెళ్ళింది కూడా దాని పుణ్యమే. కొల్లేరులో మా లంక పక్కన నేను పెట్టుకున్న చేపల బుట్టల్ని పక్క లంక మనిషి ఒకడు నా కళ్ళ ముందే ఎత్తుకుపోతుంటే, దోనె నడిపే గెడతో వాణ్ణి కొట్టాను. చెయ్యి విరిగింది. వాడి చెయ్యి కొన్నాళ్ళకి అతుక్కుంది, నాకు మాత్రం శిక్ష పడింది.

జైల్లో నాకు తివాచీ నేత నేర్పారు. చేపలు పట్టుకునే చేతులకి ఈ ఉన్ని ముడులేమిటని మొదట్లో విసుక్కున్నాను గానీ, పోను పోను ఆ పని మీద మనసు కుదిరింది. ముడి వేస్తున్నంతసేపూ నాకు కోపం రాలేదు. అది నాకే వింతగా ఉండేది.

నేను బయటికి వచ్చేనాటికి మా ఆవిడ తాడేపల్లిగూడెంలో వాళ్ళ అన్నగారింట్లో ఉంది. వెళితే ఆయన అరుగు మీద కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, ఎంతో మర్యాదగా చెప్పాడు: "ఏదైనా పని చూసుకుని రండి బావగారూ. ఆ రోజే పంపించేస్తాం. నిలకడ లేకుండా ఎలా పంపమంటారు చెప్పండి?" తలుపు రెక్క కింద మా ఆవిడ పాదాలు కనిపించాయి. అవి కదల్లేదు. ఆయన మాటలో తప్పు పట్టడానికేమీ లేదు, అందుకే నాకు మరింత మండింది.

ఆ ఊళ్ళోనే ఒక బియ్యం మిల్లుకి వెళ్ళాను. ఉప్పు సత్యాగ్రహం చేసి జైలుకి వెళ్ళొచ్చినవాళ్ళకి స్టేషన్లో పూలదండలు వేస్తున్న రోజులవి. మిల్లు షావుకారు గారు ఖద్దరు మనిషి. నేను జైలు నుంచి వస్తున్నానని చెప్పగానే లేచి నిలబడినంత పని చేశారు.

"ఏవండీ, మీది ఉప్పు జైలేనా?"

"కాదండీ, ఉత్త జైలే."

ఆయన మళ్ళీ సర్దుకుని కూర్చున్నారు. "అయితే కష్టం నాయనా. మిల్లన్నాక ధాన్యం ఉంటుంది కదా" అన్నారు. అండీ కాస్తా అంతలోనే నాయనా అయిపోయింది.

నేను ఎత్తుకుపోయినవాణ్ణి కాదు, ఎత్తుకుపోయినవాణ్ణి కొట్టినవాణ్ణి. ఆ తేడా ఆయనకి చెప్పాలని నోటిదాకా వచ్చింది. చెబితే గొడవవుతుందని పళ్ళు బిగబట్టుకుని వచ్చేశాను. ఇంక ఎవరికీ నిజం చెప్పకూడదని అప్పుడే అనుకున్నాను.

ఏలూరులో తివాచీలు నేసే ముస్లిం కుటుంబాలున్నాయని జైల్లో విన్నాను. రైలు దిగి, ముందు పోలీసు స్టేషనుకి వెళ్ళి ఊళ్ళోకి వచ్చినట్టు చెప్పుకున్నాను. నాబోటివాళ్ళు చెప్పుకోవాలి మరి. ఆ సాయంత్రమే కానిస్టేబులు సత్రానికి వచ్చి నా మూట విప్పించి చూసిపోయాడు. మర్నాడు మధ్యాహ్నం ఒక నేతపాకకి వెళ్ళాను. అక్కడి పెద్ద సాయిబుగారు తెల్లటి గడ్డంతో, చేతికి కర్రతో ఉన్నారు.

"ఎక్కడ నేర్చుకున్నావు అబ్బాయీ?"

"బందరులోనండీ, మా మేనమామ దగ్గర."

బందరులో నాకు మేనమామ లేడు. అసలు మా అమ్మకి తోడబుట్టినవాళ్ళే లేరు. ఆయన నా వేళ్ళకేసి చూసి, మగ్గం ముందు చోటు చూపించి, పక్కవాడి దగ్గరున్న మిగులు కత్తి ఒకటి ఇప్పించారు.

సాయిబుగారు వెనక కూర్చుని రంగులు పాడినట్టు చెప్పేవారు. ఎరుపు ఇన్ని, పసుపు ఇన్ని అని. వరసగా కూర్చున్నవాళ్ళం ఒక్క గొంతుతో బదులు చెప్పి, ముడి వేసి, కత్తితో కొస తెంచేవాళ్ళం. జైల్లోనూ రంగులు చెప్పేవారు గానీ, అది తిట్టినట్టుండేది. ఆ పూట నాకు హాయిగా గడిచింది. ఇక్కడ నిలదొక్కుకుంటే మా ఆవిడ వచ్చేస్తుందని ముడి ముడికీ అనుకున్నాను.

సాయంత్రం నమాజు వేళయింది. సాయిబుగారు చెప్పడం ఆపారు. అందరూ లేచి కత్తుల్ని గుడ్డలో చుట్టి నడుముకి దోపుకున్నారు. నేను నా కత్తిని నేల మీద నా ముందు పెట్టి, గొంతుక్కూర్చుని, చేతులు రెండూ మోకాళ్ళ మీద ఆనించి, తల వంచుకున్నాను. జైల్లో రోజూ అంతే. వార్డరు వచ్చి కత్తులన్నీ లెక్కపెట్టుకునేదాకా ఎవరూ లేవకూడదు. ఎవరో వచ్చి లెమ్మంటారని కూర్చుండిపోయాను. మాటలన్నీ ఆగిపోయాయి. తలెత్తి చూస్తే అందరూ నాకేసే చూస్తున్నారు.

సాయిబుగారు అందర్నీ వెళ్ళమన్నారు. నమాజు చేసుకుని వచ్చి నా ఎదురుగా కూర్చున్నారు.

"ఏ ఊరి జైలు?"

చెప్పాను. గెడ సంగతి, చేపల సంగతి, మా ఆవిడ సంగతి అంతా చెప్పాను. రేపట్నించి రావద్దంటారని ఎదురుచూస్తూ చెప్పాను. ఏడుపొస్తుంటే కోపం వచ్చినట్టు గొంతు పెంచాను.

"బందరని ఎందుకన్నావు?"

"జైలంటే పనిస్తారాండీ?"

ఆయన నా ముందున్న కత్తి తీసి నాకందించారు. "మా దగ్గర ఎవరి కత్తి వాళ్ళే ఇంటి దగ్గర నూరుకుని రావాలి. మొద్దుబారిన కత్తితో కొస పీచుపీచుగా తెగుతుంది. పట్టుకెళ్ళి నూరుకురా."

"నేను పట్టుకెళ్ళలేనండీ. పోలీసులు సత్రానికి వచ్చి మూట చూస్తున్నారు. నా దగ్గర కత్తి కనబడితే మళ్ళీ లోపలికే."

ఆయన కర్ర అందుకుని "నడు" అన్నారు.

ఆయన తిన్నగా స్టేషనుకే నడిచారు. నన్నొప్పజెప్పడానికే అనుకున్నాను. హెడ్డు కానిస్టేబులు ఆయన్ని చూసి కుర్చీ వెయ్యమన్నాడు. ఆయన కూర్చోలేదు.

"ఈ అబ్బాయి మా మగ్గం మీద పనిచేస్తాడండీ. ఇతని దగ్గర కత్తి ఉంటుంది. అది నేనిచ్చిందే. మీవాళ్ళు చూసి కంగారు పడకండి."

"వీడెక్కడి నుంచి వచ్చాడో తెలుసా సాయిబుగారూ?"

"తెలుసండీ. అక్కడ పని బాగానే నేర్పారు."

హెడ్డుకి నవ్వొచ్చింది గానీ మీసం దువ్వుకుని ఆపుకున్నాడు. బయటికి వచ్చాక సాయిబుగారు సందు మొదట్లో ఆగి, పొద్దున్న పెందరాళే రమ్మని చెప్పి వెళ్ళిపోయారు. నూరుడు రాయి సంపాదించి, సత్రం అరుగు మీద కూర్చుని, వచ్చేపోయేవాళ్ళంతా చూస్తుండగానే కత్తి నూరాను.

కొన్ని వారాలకి తాడేపల్లిగూడెం వెళ్ళాను. బావగారు మళ్ళీ అరుగు మీదే కూర్చోబెట్టాడు. పని సంగతి విని సంతోషించాడు గానీ, గొంతు తగ్గించి అడిగాడు.

"వాళ్ళకి మీ సంగతి తెలియదు కదండీ? రేపు ఎవరైనా చెబితే ఏంచేస్తారు? మా చెల్లెల్ని మళ్ళీ తీసుకొచ్చి ఇక్కడ దింపుతారా?"

"తెలుసండీ. ఆయనకి అంతా తెలుసు" అన్నాను.

బావగారు ఇంకేదో అడగబోతుండగా తలుపు తీసుకుని మా ఆవిడ బయటికి వచ్చింది. చేతిలో బట్టల మూట ఉంది. "బండి ఎన్నింటికండీ?" అని అడిగింది నన్ను.