మూసిన తలుపుతో కబుర్లు

మొన్న మా కాలేజీలో కొత్తగా చేరిన లెక్చరర్లకి, ఇంటింటికీ వెళ్లి పిల్లలతో మాట కలపడం ఎలాగో నేర్పమని ప్రిన్సిపాల్‌గారు నన్ను పురమాయించారు. "మీకు బోలెడు అనుభవం ఉంది కదండీ" అన్నారు. ఉన్నమాట నిజమే. ఆ మాట వినగానే నాకు ఓ మూసిన తలుపు గుర్తొచ్చిన మాటా నిజమే.

విజయవాడలో ప్రైవేటు కాలేజీ లెక్చరర్లకి వేసవి సెలవులంటూ ఉండవు. పదో తరగతి ఫలితాలు రాగానే అడ్మిషన్ల కోసం పాంప్లెట్లు పట్టుకుని జనం ఇళ్లమీద పడాలి. పాఠం చెప్పమంటే గంటలకొద్దీ చెబుతాను గానీ, ముక్కూమొహం తెలియని వాళ్లింట్లో కూర్చుని కబుర్లాడమంటే నాకు నోరు పెగిలేది కాదు. మావారి అక్క, అంటే మా వదిన, అదే కాలేజీలో తెలుగు చెప్పేది. ఆవిడ ఈ విద్యలో ఆరితేరిన ఘటం. గుమ్మంలోనే "మీదేవూరండీ?" అని మొదలుపెట్టి, మంచినీళ్లు వచ్చేలోపు ఏదో ఒక చుట్టరికం లాగేది. అందుకే నన్ను ఆవిడ వెనక తోకలా పంపేవారు.

ఒక ఏడు ఫలితాలొచ్చిన మర్నాడు కొండపల్లి వెళ్లాం. బాగా చదివే పిల్ల ఉందని స్కూలువాళ్లు ముందే చెప్పి ఉంచిన ఇల్లది. ఆ అమ్మాయి వరండాలో కత్తిపీట ముందేసుకుని మామిడికాయ ముక్కలు తరుగుతోంది. వదిన అలవాటు ప్రకారం గేటు దగ్గర్నుంచే గొంతెత్తింది. "కంగ్రాచులేషన్స్ అమ్మా! స్కూల్ ఫస్టు నువ్వేగా? స్వీట్లేవీ?"

ఆ పిల్ల ఒక్కసారి తలెత్తి చూసింది. చేతిలో కాయ అక్కడే వదిలేసి, లోపలి గదిలోకి వెళ్లి గడియ పెట్టేసుకుంది.

తల్లి వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. "లెక్కలు పోయిందండీ. నిన్నట్నుంచీ ముద్ద ముట్టలేదు. ఇప్పుడే బతిమాలి పనిలో కూర్చోబెట్టా" అంటూ తలుపు బాదడం మొదలుపెట్టింది. లోపల్నుంచి ఉలుకూ లేదు, పలుకూ లేదు. కిటికీ కూడా లోపల్నుంచే వేసుంది. తండ్రి థర్మల్ స్టేషన్‌లో డ్యూటీలో ఉన్నాడు. ఫలితాల మర్నాడు పేపర్లలో ఎలాంటి వార్తలొస్తాయో ఆ ఇంట్లో అందరికీ తెలుసు, అందుకే ఎవరం ఎవరి మొహమూ చూడలేదు. అంత మాటకారి మా వదిన గుంజలా నిలబడిపోయింది. "ఏదో ఒకటి మాట్లాడవే తల్లీ, నా నోరు పడిపోయింది" అని నా మోచెయ్యి పట్టుకుంది.

నాకు ఓదార్పు మాట ఒక్కటీ తోచలేదు. తలుపు దగ్గరికెళ్లి, నోటికొచ్చింది అడిగేశాను. "అమ్మాయ్, ఈ ముక్కలు ఆవకాయకేనా?"

లోపల్నుంచి ఏడ్చి ఏడ్చి బొంగురుపోయిన గొంతు వినిపించింది. "చెక్కు తీసిన ముక్కలు ఆవకాయకి ఎవరైనా వేస్తారా? మాగాయకి."

ఆ విసుగు విన్నాక నాకు ప్రాణం లేచొచ్చింది. పిల్ల కసురుకుంటోందంటే చాలు, అదే పదివేలు.

"అయితే ముందు ఎండబెడతారా, ఉప్పేస్తారా?"

"ఉప్పులో ఊరాకే ఎండబెడతారు. మీకసలు వంట వచ్చా?"

"రాదమ్మా" అన్నాను. ఇంకొకప్పుడైతే మా వదిన పగలబడి నవ్వేది. తల్లి మాత్రం కొంగు నోట్లో కుక్కుకుని, ఆపొద్దన్నట్టు నాకు చేత్తో సైగ చేస్తోంది.

"మరి మెంతిపిండి ఎంతెయ్యాలి?"

జవాబు లేదు. మళ్లీ అడిగాను. లేదు. గదిలో కుర్చీ ఈడ్చిన చప్పుడైంది. తల్లి నేలమీద కూలబడిపోయింది. నేను "అమ్మా, ఎంతెయ్యాలే, ఎంతెయ్యాలే" అని తలుపుకి చెప్పుకుంటూ ఉండిపోయాను.

తలుపు తెరుచుకుంది. విసురుగా తోసిన పై గడియ బిగుసుకుపోయి, దించడానికి కుర్చీ వేసుకుందట. "ముక్కలకి ఉప్పెయ్యలేదమ్మా, నల్లబడిపోతాయి" అంటూ వరండాలోకి వెళ్లబోయిన పిల్లని తల్లి రెండు చేతులా పట్టుకుని భోరుమంది.

ఆ తర్వాత ఎన్ని వేసవులు వచ్చి పోయాయో, ఎన్ని ఇళ్లలో ఎన్ని కబుర్లు చెప్పానో నాకు గుర్తులేదు. ఆ కుర్చీ చప్పుడుకీ, తలుపు తెరుచుకోవడానికీ మధ్యనున్న ఆ కాస్తసేపు మాత్రం నాకింకా గడవలేదు.