వెనక సీటు

చిచ్చా పోయారని బెంగుళూరు నుంచి వచ్చిన ఫోను, తిరువూరులో మా లారీ ఆఫీసులో నేనే ఎత్తాను. యుద్ధంలో చావని మనిషి నిద్రలో గుండె ఆగి పోయాడంటే ఏడుపు కంటే ముందు నాకు కోపం వచ్చింది.

మా నాన్నకు తమ్ముడాయన. యుద్ధంలో విమానం నడిపారు. ఓ రోజు కింది నుంచి పేల్చిన గుండుకు ఎడమ రెక్క చివర తునాతునకలైంది. అయినా మన రన్‌వే దాకా లాక్కొచ్చారు. దిగేముందు, నేర్పిన ప్రకారం వేగం తగ్గించారు. అంతే, తెగిన రెక్క కిందికి వాలిపోయి, విమానం పల్టీలు కొట్టి మంటల్లో పడింది. చిచ్చా బయటపడ్డారు. వెనక సీట్లోని స్నేహితుడు ఆయన కళ్ళముందే కాలిపోయాడు.

తర్వాత ఆయన బెంగుళూరులో ఓ పెట్టెలో కూర్చున్నారు. నేలకు బిగించిన ఉత్తుత్తి విమానం అది. పక్క గదిలో ఇంజనీర్లు మీట తిప్పితే రెక్క విరిగినట్టు లెక్క. పెట్టె మనిషిని ఎత్తి కుదేస్తుంది. విరిగిన రెక్కతో విమానం ఎంత తక్కువ వేగం దాకా నిలుస్తుందో తేలాలంటే కూలేదాకా నడపాలి. రోజూ కూలేవారు. సెలవులకొస్తే భుజాలు కమిలి, పెదవి చిట్లి ఉండేది. అద్దం అవతల టీ తాగుతూ మనిషిని కూల్చే ఆ ఇంజనీర్ల మీద నాకు ఒళ్ళు మండేది.

నానమ్మ కాపడం పెడుతూ తిట్టేది: "ఒకసారి చచ్చి బతికావు, చాల్లేదేంట్రా?"

"ఇందులో పడితే మళ్ళీ లేవచ్చమ్మా. వాడు లేవలేదుగా" అనేవారు.

విజయవాడ బస్సులో ఎప్పుడూ చివరి సీటే. నడుం విరిగే గతుకులు. ముందుకు రమ్మంటే, "నా వెనక ఎవరూ వద్దురా" అనేవారు. మసీదులోనూ చివరి వరసే.

కుర్ర పైలట్లకు మాత్రం ఒకటే పాట: "రెక్క తెగితే వేగం చంపకండి. అది చస్తే మీరూ చస్తారు."

చిచ్చాకు మట్టి ఇవ్వడానికి, ఆయన దగ్గర నేర్చుకున్న ఇద్దరు యువకులు వచ్చారు. ఒకడు నా పక్కన కూర్చుని చెప్పాడు. "పోయిన నెల గాల్లో ఇంకో విమానం మమ్మల్ని గుద్దిందండి. రెక్క చివర ఊడిపోయింది. సార్ చెప్పినట్టే వేగం తగ్గించకుండా దిగాం. టైర్లు పేలి, కంచె తెంచుకుని చేలో పడ్డాం. సార్ ఆస్పత్రికి పరుగెత్తుకొచ్చారు. నా మొహమైనా చూడలేదండి. 'వెనకవాడేడీ?' అన్నారు."

చిచ్చా చేసిన పని ఏమిటో నాకు అప్పుడు తెలిసింది. అప్పుడు ఏడ్చాను.

మేమంతా మట్టి ఇచ్చి పక్కకు తప్పుకున్నాం. చివర్న, అందరి వెనకా నిలబడ్డ రెండోవాడు ముందుకొచ్చాడు. ఒక చేతికి ఇంకా కట్టు ఉంది. గుంత అంచున మోకరిల్లి, రెండో చేత్తో ఎర్రమట్టి తీసుకుని, "వెనకవాణ్ణి సార్, ఇక్కడే ఉన్నాను" అంటూ మెల్లగా జారవిడిచాడు.