లక్ష్మీకాంత్ ఫ్రేము

చీమకుర్తిలో గ్రానైట్‌కు పాలిష్ పట్టే అయూబ్ పొట్టి మనిషి. ఆదివారాలు సైకిలు మీద పాత క్వారీ గట్లపై నుంచి దూకేవాడు. ముందూ వెనకా సస్పెన్షనున్న ఆ సైకిలు ఫ్రేము విరిగిపోయాక, ఫోన్లో కొత్త ఫ్రేములు చూస్తూ, ఒక్కోదాని కొలతనూ తన కాళ్ల పొడవుతో పోల్చుకునేవాడు. ఒకరోజు హారిక వచ్చింది. ఆదివారాలు అయూబ్‌తో కలిసి దూకే లక్ష్మీకాంత్ నిరుడు కామెర్లతో పోయాడు; ఆమె అతని భార్య. భర్త సైకిలు ఫ్రేమును భుజాన మోసుకొచ్చి అరుగు మీద పెట్టింది.

"ఇది మీరు వాడుకోండన్నా. మూల పడుంటే చూడలేకపోతున్నా. మీకు సరిపోతుందా?"

లక్ష్మీకాంత్ ఆరడుగుల మనిషి. అంత పెద్ద ఫ్రేముతో దూకితే అయూబ్ మెడ విరుగుతుంది.

"నాకోసమే చేసినట్టుందమ్మా," అన్నాడు.

ఆ తర్వాత క్వారీ వైపు పోవడం మానేశాడు. కాళ్లు సరిగా అందకపోయినా, ఆ ఫ్రేముకు తన పాత చక్రాలు బిగించుకున్న సైకిలు మీదే రోజూ ఆమె ఇంటి ముందు నుంచి పనికి వెళ్తాడు. హారిక గుమ్మంలో నిలబడి, మలుపు తిరిగేదాకా సైకిలునే చూస్తుంది.