నెమలికి కన్నేది?

ఉంగుటూరు నుంచి వచ్చిన ఉషశ్రీ కొత్త జాకెట్టు మడత విప్పి, దాని మీద కుట్టిన నెమలిని చూసి, "ఏవండీ, నెమలికి కన్నేదండీ?" అని అడిగింది. ఏలూరులో కంప్యూటర్ ఎంబ్రాయిడరీ కొట్టు నడిపే కమరున్నీసాకు తల కొట్టేసినట్టయింది.

"మెషిన్ పాడైందేమో, మెకానిక్‌కి ఫోన్ చెయ్యి," అంది కూతురితో.

ఇంటర్ పరీక్షలు రాసి ఖాళీగా ఉన్న అస్మా ఫోన్ చేయలేదు. పాత గుడ్డ బిగించి, అదే డిజైన్ మళ్లీ నడిపించి, సూదినే చూస్తూ కూర్చుంది. మెషిన్ మొదట కన్ను కుట్టింది. తర్వాత తల కుడుతూ ఆ కన్నును నీలం దారంతో కప్పేసింది.

"దీని తప్పేం లేదమ్మీ. చెప్పినట్టే చేసింది. కన్ను ముందు కుట్టమని చెప్పిందెవరు?" అంది తల్లితో.

డిజైన్ ఫైల్ తెరిచి వరుస మార్చింది. కన్ను వచ్చింది గానీ సందేహం తీరలేదు. మరి ఈ ఫైల్ చదవడం మెషిన్‌కి ఎవరు నేర్పారు? ఆ ఆరాటమే ఆమెను తాడేపల్లిగూడెంలో ఇంజనీరింగ్‌కి తీసుకెళ్లింది.

చదువు పూర్తయ్యాక, ఉద్యోగం ఇంటర్వ్యూలో ఒకాయన లాప్‌టాప్ నుంచి తలెత్తకుండానే అడిగారు. "మీరు మొట్టమొదట సరిచేసిన తప్పేంటి?"

"నెమలికి కన్ను రాలేదండీ."

ఆయన లాప్‌టాప్ మూసేశారు. "ఎందుకు రాలేదు?"

అస్మా కుర్చీ ముందుకు జరుపుకుంది. ఈయనా తనలాంటి మనిషే.