జామ కట్టె పొగ

అందరూ అతన్ని బొంగరం అంటారు. పేరు ఎవరు పెట్టారో గానీ, కొలిచి కుట్టినట్టు సరిపోయింది. ఆటో తోలాడు, పంక్చర్లు వేశాడు, సినిమా హాల్లో టికెట్లు చించాడు, ఒక వేసవంతా ఐస్ దిమ్మలు మోశాడు. ఎక్కడా ఏడాది నిండలేదు. ఒక్క కోత మిల్లులో మాత్రం నాలుగేళ్లు నిలబడ్డాడు. ఎనిమిది నెలల కిందట అక్కడి రంపం అతని ఎడమ చేతి చిటికెన వేలి కొస తీసుకుపోయింది. అప్పటినుంచి మళ్లీ ఆ మిల్లు గడప తొక్కలేదు.

గాయం నెలకే మానింది. పెళ్లాంతో మాత్రం "ఇంకా సలుపుతోంది" అనేవాడు. స్నేహితులతో "ఆ ఓనరు మనిషి కాదు" అనేవాడు. అసలు సంగతి వేరు. ఆ రంపం చప్పుడు దూరం నుంచి విన్నా భయంతో పక్క సందులోకి తిరిగిపోతాడు. ఈ ముక్క ఎవరికీ చెప్పలేదు.

మిల్లు మేస్త్రీ బుధవారం కబురు పెట్టాడు: సోమవారం రాకపోతే వేరేవాణ్ని పెట్టుకుంటాం. అదే సాయంత్రం పెళ్లాం వాళ్ల అన్నయ్య వచ్చాడు. బస్సు డిపో పక్కన క్యాంటీన్ నడుపుతాడు. పొగలో ఉడికిన పంది మాంసం పెట్టమని డ్రైవర్లు అతని ప్రాణం తీస్తున్నారు.

"ఆదివారం మధ్యాహ్నం నాకు ముక్క తినిపించు బావా. నచ్చిందా, క్యాంటీన్ వెనక పొయ్యి నీది. నచ్చలేదా, సోమవారం నోరు మూసుకుని మిల్లుకి పో. ఇస్త్రీపెట్టె పట్టుకుని పట్టుకుని మా చెల్లెలి చేతులు కాయలు కాశాయి."

బొంగరానికి ఆ రాత్రే సగం గెలిచినట్టనిపించింది. మేడ మీద పాత ఇనప డ్రమ్ముంది. కింద చిన్న తలుపు కోసి నిప్పు పెట్టడానికి చోటు చేశాడు, పైన కొక్కేలు బిగించాడు. ఇక కట్టె అంటారా, కట్టె గురించి తనకు చెప్పేవాడెవడు? మిల్లులో పనిచేసినవాడు కళ్లు మూసుకుని, రంపం కింద పొట్టు లేచిన వాసనతోనే ఏ కట్టో చెప్పేస్తాడు. అన్నిట్లోకీ కమ్మనిది దేవదారు. అది కోసిన రోజు మిల్లంతా కొత్త బీరువా తలుపు తెరిచినట్టుండేది. మంచి కట్టె అంటే అదే మరి!

గురువారం మిల్లుకి వెళ్లి గేటు దగ్గరే నిలబడ్డాడు. లోపల రంపం తిరుగుతోంది. వాచ్‌మన్‌ను బతిమాలి గోనెసంచి నిండా దేవదారు ముక్కలు తెప్పించుకుని, వెనక్కి చూడకుండా వచ్చేశాడు.

శుక్రవారం పొద్దున నిప్పు పెట్టాడు. డ్రమ్ములోంచి నల్లటి పొగ లేచింది. పక్కింటాయన కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"ఏమయ్యా, ఎవరికి పొగ పెడుతున్నావ్? నోటితో చెబితే మేమే ఇల్లు ఖాళీ చేస్తాం కదా!"

మాంసం మసి గుడ్డలా బయటికొచ్చింది. పెళ్లాం ఒక ముక్క నోట్లో వేసుకుని తూము దగ్గరికి పరిగెత్తింది.

"కిరోసిన్ తాగినట్టుంది. నాలుక మొద్దుబారిపోయింది నాకు."

"అంత మంచి వాసనే! నేను కోసిన కట్టే!"

"కోసినప్పటి వాసన ఎవడిక్కావాలి? కాలినప్పుడు ఎలా ఉందో చూడు. మల్లెపూలు బాగుంటాయని వేపుడు చేసుకుంటామా?"

నిజమే. దేవదారు నిండా జిగురు. కోతలో కమ్మగా ఉండేది అదే, మంటలో మసి అయ్యేదీ అదే. నాలుగేళ్లు ముక్కుతో నేర్చుకున్నదంతా ఒక్క పూటలో మట్టికొట్టుకుపోయింది.

శనివారం పాత మూకుడులో ఒక్కో ఎండు పుల్లా వేసి కాల్చాడు. ఈసారి కట్టెను కాదు, పొగను వాసన చూశాడు. వేప గొంతులో చేదు నింపింది. చింత వాగుడుకాయ చుట్టంలాంటిది, మాంసాన్ని ఒక్క మాటా మాట్లాడనివ్వదు. మామిడి మెత్తగా ఉంది గానీ, ఉందా లేదా అన్నట్టుంది. జామ మాత్రం తియ్యగా, నెమ్మదిగా వచ్చి ముక్కు దగ్గర కూర్చుంది. బడి వెనక నిరుడు కొట్టేసిన జామచెట్టు కొమ్మలు ఎండి పడున్నాయి. ప్యూన్‌ను అడిగి మోపు కట్టుకొచ్చాడు.

ఆదివారం ఆరింటికల్లా ఉప్పు పట్టించిన పొట్ట మాంసం కొక్కేలకు వేలాడింది. ఇక చేయాల్సిందల్లా ఆరు గంటలు ఊరికే కూర్చోవడం. అదే అతని వల్ల కాని పని. ఐదు నిమిషాలకోసారి మూత ఎత్తుతున్నాడు.

"పొగంతా నీ మొహానికే పడుతోంది," అంది పెళ్లాం. "అన్నయ్య తినేది మాంసాన్నా, నిన్నా?" బొగ్గుల ఇస్త్రీపెట్టె తెచ్చి మూత మీద ధన్‌మని పెట్టింది. "ఇది కదిలిందంటే ఇవాళ్టి బట్టలన్నీ నువ్వే ఇస్త్రీ చేస్తావ్, చెప్తున్నా."

మూత సంగతి అలా తేలింది. కింది తలుపు మాత్రం మిగిలిపోయింది. ఆమె దిగి వెళ్లగానే జామ కట్టె ఒకటి లాగి మామిడి పెట్టాడు. రంగు రావట్లేదేమోనని చిన్న చింత ముక్క దోపాడు. భయమేసి మళ్లీ జామ పెట్టాడు. పన్నెండింటి దాకా ఇదే వరస.

క్యాంటీన్ బావ వచ్చాడు. కోస్తే ముక్క లోపల గులాబీ రంగు, అంచున తేనె రంగు. ఒకటి తిన్నాడు. రెండోది తిన్నాడు. మూడోది తానే కోసుకున్నాడు.

"ఏం కట్టె?"

"జామ."

"జామ ఒక్కటేనా?"

అవునంటే అయిపోయేది. బొంగరం నోరు తెరిచాడు గానీ అబద్ధం రాలేదు.

"మధ్యలో మామిడి పెట్టా. కాస్త చింత కూడా. మళ్లీ జామ. ఏది ఎంతో తెలీదు బావా. చేతులు ఊరుకోలేదు."

బావ ప్లేటు పక్కకి నెట్టాడు. "అంటే రేపు ఈ రుచి రాదు."

"రాదేమో."

"ఇవాళ తిన్నోడు రేపొచ్చి ఇదే అడుగుతాడు. ఏం చెప్పను? మా బావ చేతులు ఊరుకోలేదనా? రుచికి వంక లేదు. కానీ ఇలాగైతే కుదరదు. రేపు మిల్లుకి పో."

"పోను."

"ఏంటి?"

"మిల్లుకి పోను. ఆ రంపం చప్పుడు వింటే నా కాళ్లు నిలబడవు. మొన్న కట్టె కోసం వెళ్లి గేటు కూడా దాటలేకపోయా."

పెళ్లాం అతని పొట్టి వేలి వైపు చూసింది.

"ఎనిమిది నెలలుగా ఇదా? నేను ఒళ్లు బద్ధకమనుకున్నా. రోజూ తిట్టిపోశా కదయ్యా!"

"తిట్లు పర్లేదు. భయమంటే నవ్వుతావనుకున్నా."

ఆమె నవ్వలేదు. బావ చెయ్యి కడుక్కోబోయి ఆగాడు. ప్లేటు మళ్లీ దగ్గరికి లాక్కున్నాడు.

"ఒకటే కట్టె. జామంటే జామే. మూడు ఆదివారాలు వరసగా ఒకే రుచి చూపించు, పొయ్యి ఇస్తా. అప్పటిదాకా నా దగ్గర ప్లేట్లు కడుగు. రేపు ఆరింటికి రా."

"సరే."

బావ మెట్లు సగం దిగాడో లేదో పైనుంచి కేక.

"బావా! ఐదున్నరకే రానా?"

"ఐదున్నరకి తాళం ఎవడు తీస్తాడు? ఆరంటే ఆరు!"

బొంగరం పిట్టగోడ పట్టుకుని నిలబడ్డాడు. ఇప్పుడు ఒంటిగంట. ఇంకా పదిహేడు గంటలు.