మా తోడల్లుడి పడవలో షీటు

మా తోడల్లుడు హైదరాబాదులో ఉద్యోగం చేస్తూ, ఆదివారాలు హుస్సేన్ సాగర్‌లో తెరచాప పడవ నడపడం నేర్చుకుంటున్నాడు. ఎమ్మిగనూరులో మా అత్తగారింటికి వచ్చినప్పుడల్లా ఆ కబుర్లే. బతుకంతా మగ్గం మీద దుప్పట్లు నేసిన మా మామ, ఆదోనిలో పత్తి వ్యాపారం చేసే పెద్దల్లుణ్ణి నన్ను పత్తి గురించి ఏనాడూ ఒక్క మాట అడగలేదు. తోడల్లుడి పక్కకు మాత్రం కుర్చీ జరుపుకుని మరీ కూర్చుంటాడు. నాకు కడుపు మండేది.

పోయిన నెల ఆదోని నుంచి బస్సులో వస్తూ, దారి పొడుగునా ఫోన్‌లో పడవ భాగాల పేర్లు బట్టీ పట్టాను. మాస్ట్ అంటే తెరచాప కట్టే నిలువు స్తంభం. టిల్లర్ అంటే చుక్కాని తిప్పే కర్ర. షీటు దగ్గర మాత్రం అర్థం చదవలేదు. దుప్పట్లు నేసే ఇంటి అల్లుణ్ణి, షీటంటే ఏమిటో నాకొకరు చెప్పాలా?

భోజనాలయ్యాక తోడల్లుడు పడవ ఫోటో చూపించగానే తెరచాప మీద వేలు పెట్టి, "ఇది షీటు కదా" అన్నాను.

"కాదన్నా, అది సెయిల్. దాన్ని లాగి పట్టుకునే ఈ తాడును షీటంటారు" అన్నాడు నెమ్మదిగా. అంత మర్యాదగా చెప్పకపోతే తిట్టుకోవడానికైనా వీలుండేది.

మామ ఆ షీటన్న మాటను రెండుసార్లు పలికి చూసుకున్నాడు.

సాయంత్రం నేను బయల్దేరుతుంటే, మామ నాకిచ్చే దుప్పట్లు మూట కడుతూ, "అల్లుడా, ఆ షీటు ఇట్లియ్యి" అన్నాడు. మంచం మీదున్న దుప్పటి తీసి అందించాను.

"అది కాదప్పా, తాడు" అన్నాడు.