వాలు మీద తడి

పొద్దున్నే నమాజు కాగానే గేటు పక్కనున్న వాల్వు తిప్పి పచ్చికకు నీళ్లు వదలడం పదేళ్లుగా మెహర్ పని. ఇప్పుడు దాని జోలికి పోదు. సాయంత్రం యజమాని లక్ష్మీకాంత్ గారే వచ్చి తిప్పుకుంటారు. నీళ్ల చప్పుడు వినపడగానే ఆమె గదిలోకి పోయి తలుపేసుకుంటుంది.

వినుకొండలో కొండ పాదాన ఉన్న ఆ గెస్ట్‌హౌస్ ముందంతా వాలే. ఆ వాలు మీద గడ్డి కోసే మనిషి ఆమె భర్త హయాత్. కాళ్లకు గోనెగుడ్డ చుట్టుకుని అడ్డంగా నడుస్తూ కోసేవాడు. ఒక శుక్రవారం జారిపడి, కింద మెట్టు రాయికి తల తగిలి పోయాడు. బీపీ ఎక్కువై కళ్లు తిరిగుంటాయన్నారు అందరూ. మెహర్ అవుననలేదు, కాదనలేదు. మొగుడు పోయిన ఆడది గడప దాటకుండా పాటించే నాలుగు నెలల పది రోజుల ఇద్దత్ గదిలోనే గడిపి బయటికొచ్చేసరికి గడ్డి మోకాలెత్తు పెరిగింది. గాలికి అది ఊగితే, అందులో ఎవరో అడ్డంగా నడిచిపోతున్నట్టే ఉండేది.

కూలీలు ఒకసారి కోసి, ఆ వాలు చూసి రెండోసారి రామన్నారు. దాంతో మనిషి అక్కర్లేకుండా తనంతట తానే తిరిగి గడ్డి కోసే మిషను కొందామనుకున్నారు లక్ష్మీకాంత్. గుంటూరు నుంచి జోసఫ్ అనే సేల్స్ కుర్రాడు రెండు మిషన్లు తెచ్చాడు. చిన్నదానికి వెనక రెండు చక్రాలకే మోటారు బలం. పెద్దదానికి నాలుగింటికీ.

ఎర్రటి ఎండలో చిన్నది వాలెక్కి దిగింది.

"చూశావా మెహరమ్మా! తాబేలు పిల్లలా ఎంత ముద్దుగా ఉందో! సెలవడగదు, బీడీ తాగదు, పెళ్లాం పోరు లేదు..." అని లక్ష్మీకాంత్ నవ్వబోయి, ఎదురుగా ఉన్నదెవరో గుర్తొచ్చి నాలిక కరుచుకున్నారు. "ఇదే ఉంచెయ్ జోసఫూ."

ఆదివారం లక్ష్మీకాంత్ బంధువుల బారసాల ఇక్కడే. పిల్లలంతా వాలు కిందున్న ఆ మెట్ల మీదే కూర్చుంటారు. ఇప్పుడు మెహర్ నోరు తెరిస్తే ఇన్నాళ్లూ దాచిందంతా బయటపడుతుంది. తెరవకపోతే ఆ ఇనుప తాబేలు ఒకనాడు ఏ పసివాడి మీదో దొర్లుతుంది.

"బాబుగారూ, పొడిమీద కాదండీ. తడిపి చూడండి."

"తడి మీద ఎవరు కోస్తారక్కా?" అన్నాడు జోసఫ్.

"వాన చెప్పొస్తుందా నాయనా? తడపండి."

లక్ష్మీకాంత్ వాల్వు తిప్పారు. గడ్డి తడిశాక చిన్న మిషను సగం దాకా ఎక్కి, చక్రాలు గిర్రున తిరిగి, పక్కకు ఒరిగి జర్రున జారింది. సరిగ్గా ఆ మెట్టు దగ్గరే బోర్లా పడింది. మెహర్ కళ్లు మూసుకుంది. ఆ చప్పుడు ఆమె ఇదివరకే విన్నది.

"నీకెట్టా తెలుసమ్మా?" లక్ష్మీకాంత్ మెల్లగా అడిగారు.

"ఆయనకు బీపీ లేదండీ. కోసే రోజు నీళ్లు పెట్టొద్దని ముందు రాత్రే చెప్పాడు. మా పుట్టింట మిరపచేలో కలుపు తీయాలంటే ముందు తడి పెట్టాల్సిందే. వేరుతో సహా వస్తుంది. చిన్నప్పట్నుంచి అదే అలవాటు. ఆ పొద్దు గడ్డి పని అనగానే... నా చెయ్యే వాల్వు తిప్పిందండీ."

జోసఫ్ తలదించుకుని మిషను బురద తుడవసాగాడు.

"ఇద్దత్ అంతా ఇది పెట్టుకుని కూర్చున్నావా తల్లీ?" అన్నారు లక్ష్మీకాంత్. వెళ్లి వాల్వు కట్టేశారు. తిట్టినా బాగుండుననిపించింది ఆమెకు.

పెద్ద మిషను తడిలోనూ నిలిచింది. మెట్టు పక్కన మంచమంత జాగాలో మాత్రం అదీ కాస్త జారింది. జోసఫ్ ఫోనులోని మ్యాపులో ఆ జాగా చుట్టూ గీత గీసి, మిషను అటు పోకుండా చేశాడు.

"అంతవరకు నువ్వు కొడవలితో కోసెయ్యమ్మా, ఆదివారంలోపు," అన్నారు లక్ష్మీకాంత్.

"అట్టాగేనండీ."

శనివారం మధ్యాహ్నానికి వాలంతా నున్నగా దువ్వినట్టయింది. గీతలోపల మాత్రం గడ్డి జానెడు నిలబడి ఉంది. మెహర్ కొడవలి తీసుకుని అక్కడ కూర్చుంది. ఒక పిడికెడు పట్టుకుంది. జారేటప్పుడు ఆయనా ఇలాగే పట్టుకుని ఉంటాడు.

గాలి లేదు. అయినా ఆమె పిడికిట్లో గడ్డి కదిలినట్టయింది.

వదిలేసి లేచింది. రేపు బాబుగారు అడిగితే, ఈసారి దాచకుండా, కోయలేదనే చెబుతుంది.